కుర్చీకి కట్టే ధర: కాఫీ చైన్ల విదేశీ విస్తరణ, బెజవాడ నుంచి చూస్తే

విజయవాడ గాంధీనగరంలోని ఏ టిఫిన్ హోటల్లోనైనా ఇడ్లీ తిన్న మనిషి కాఫీ తాగి లేవడానికి ఐదు నిమిషాలు పట్టదు. హోటల్ లెక్క అంతా ఆ వేగం మీదే ఆధారపడి ఉంటుంది. బల్ల ఎంత త్వరగా ఖాళీ అయితే యజమానికి అంత మేలు కనుక, రద్దీ వేళల్లో కాఫీని కౌంటరు దగ్గర నిలబడే తాగేవారు ఎక్కువ. అదే ఊళ్లో బందరు రోడ్డు మీది ఏసీ కాఫీ షాపులో ఇద్దరు మనుషులు చెరో కప్పుతో గంటన్నర కూర్చున్నా లెమ్మనేవారు ఉండరు. మొదటిచోట కాఫీ ఇరవై ముప్ఫై రూపాయలైతే రెండోచోట రెండు వందల యాభై, మూడు వందలు. ఈ తేడాకు కారణం గింజలో వెతికితే దొరకదు. యంత్రంలో దించే చిక్కటి కాఫీ అయిన ఎస్ప్రెస్సో రెండింతల మోతాదుకు పట్టే పొడి సుమారు 18 గ్రాములు. కిలో వెయ్యి రూపాయల పొడి వాడారనుకున్నా కప్పులోకి వెళ్లేది 18 రూపాయల సరుకే. పాలు, చక్కెర, కాగితపు కప్పు కలిపినా లెక్క పెద్దగా మారదు. మిగిలిన సొమ్ములో పెద్ద భాగం అద్దెకు, జీతాలకు, కరెంటుకు, అంటే కొన్న మనిషి కూర్చున్న కుర్చీకి పోతుంది.

కాఫీ చైన్లు ఒక దేశంలో నెగ్గి మరో దేశంలో బోల్తాపడిన తీరు అర్థం కావాలంటే ఈ కుర్చీ లెక్క దగ్గర మొదలుపెట్టడం మంచిది. ఫలానా దేశానికి కాఫీ కొత్తా, పాతా అన్నది సాధారణంగా అందరూ అడిగే ప్రశ్న. దానికన్నా పనికొచ్చే ప్రశ్న మరొకటి ఉంది: ఆ ఊళ్లో తీరిగ్గా కూర్చునే చోటు కరువుగా ఉందా, ఉంటే ఎవరికి, ఏ వేళలో?

స్టార్‌బక్స్ చరిత్రలోనే గింజ నుంచి కుర్చీకి మళ్లిన ఈ మలుపు కనిపిస్తుంది. 1971లో అమెరికాలోని సియాటిల్ నగరంలో ముగ్గురు మిత్రులు పెట్టిన ఆ దుకాణం మొదట వేయించిన గింజలు అమ్మేది. మన ఊళ్లలో కళ్లెదుటే గింజలు మర పట్టి ఇచ్చే కాఫీపొడి కొట్టుకు అది దగ్గరి చుట్టం. 1982లో ఉద్యోగిగా చేరిన హోవర్డ్ షుల్ట్జ్, మరుసటి ఏడాది ఇటలీలోని మిలాన్ వెళ్లి అక్కడి ఎస్ప్రెస్సో బార్లు చూసి వచ్చి, మనమూ కప్పు అమ్ముదామని పట్టుబట్టాడు. యజమానులు ఒప్పుకోలేదు. అతను బయటికి వెళ్లి సొంత దుకాణాలు పెట్టుకుని, 1987లో 38 లక్షల డాలర్లకు పాత సంస్థనే కొనేశాడు. 1992లో సంస్థ షేర్లు మార్కెట్లోకి వచ్చాయి; ఆ ఏడాదికి 165 దుకాణాలు ఉన్నాయి. ఇక్కడ ఒక విశేషం గమనించాలి. ఇటలీ బార్లలో జనం నిలబడి ఒక్క గుక్కలో తాగి వెళ్లిపోతారు. అమెరికాకు వచ్చేసరికి అది సోఫాలు, పెద్ద కప్పులు, గంటల తరబడి కూర్చోవడం అయింది. ఇల్లు, ఆఫీసు కాకుండా మనిషికి మూడో చోటు ఒకటి కావాలని సామాజిక శాస్త్రవేత్త రే ఓల్డెన్‌బర్గ్ చెప్పిన మాటను సంస్థ తన ప్రచారానికి వాడుకుంది. శివారు కాలనీలలో కార్ల మధ్య బతికే అమెరికన్లకు ఆ చోటు నిజంగానే లేదు. ఇటలీ పేర్లు పెట్టుకుని అమెరికా కరువును తీర్చడమే ఆ వ్యాపారం అసలు రహస్యం.

సరిహద్దు దాటేటప్పుడు ఎదురయ్యే మొదటి చిక్కు రుచికి సంబంధించినది కాదు, అద్దె ఎవరు కట్టాలన్నది. మూడు దారులు ఉన్నాయి. దుకాణాలు తానే పెట్టి లాభమూ నష్టమూ తానే భరించడం ఒకటి. స్థానిక భాగస్వామితో ఉమ్మడి సంస్థ పెట్టి చెరిసగం పంచుకోవడం రెండోది. పేరు, పద్ధతి, గింజలు తాను ఇచ్చి, దుకాణం మొత్తం లైసెన్సుదారు ఖర్చుతో నడిపించి, అమ్మకాల మీద రాయల్టీ తీసుకోవడం మూడోది. స్టార్‌బక్స్‌కు ప్రపంచవ్యాప్తంగా ఉన్న దాదాపు 40 వేల దుకాణాలలో ఇంచుమించు సగం ఈ మూడో పద్ధతిలోనివే. గల్ఫ్ దేశాలలో కువైట్‌కు చెందిన అల్‌షాయా గ్రూపు 1999 నుంచి ఇలాగే నడుపుతోంది. రష్యాలోని 130 దుకాణాలూ ఆ లైసెన్సు కిందివే కావడంతో, 2022లో అక్కడి నుంచి తప్పుకున్నప్పుడు దుకాణాల ఆస్తి నష్టం నేరుగా మాతృసంస్థ నెత్తిన పడలేదు.

ఈ మూడింటిలో ఏది మంచిదని అడిగితే ఒక్క మాటలో జవాబు లేదు గానీ, సంస్థ నడిచిన వరుసలో ఒక తర్కం ఉంది. తెలియని దేశంలో ముందు భాగస్వామిని వెతుక్కోవడం, వ్యాపారం నిలదొక్కుకున్నాక అతని వాటా కొనేయడం, ఎదుగుదల ఆగి పోటీ ముదిరాక మళ్లీ వాటా అమ్మి బరువు దించుకోవడం. జపాన్‌లో 1996లో సాజబీ అనే సంస్థతో కలిసి మొదలుపెట్టి 2014లో పూర్తిగా కొనేశారు. తూర్పు చైనా దుకాణాలలో భాగస్వామికి ఉన్న సగం వాటాను 2017లో 130 కోట్ల డాలర్లకు తీసుకున్నారు. అదే చైనా వ్యాపారాన్ని దాదాపు 400 కోట్ల డాలర్లుగా విలువకట్టి, 60 శాతం వరకు వాటాను బోయు క్యాపిటల్ అనే పెట్టుబడి సంస్థకు ఇచ్చే ఒప్పందాన్ని 2025 నవంబరులో ప్రకటించారు. భూమి కొనేవాడి కన్నా కౌలుకు తీసుకునేవాడికి కరువు కాలంలో నిద్ర ఎందుకు పడుతుందో గుంటూరు జిల్లా రైతుకు చెప్పనక్కర్లేదు. కాకపోతే ఇక్కడ నష్టాన్ని ఎక్కువగా మోసేది కౌలుదారు, హాయిగా నిద్రపోయేది పేరు కిరాయికి ఇచ్చినవాడు.

జపాన్ కథ కుర్చీ సిద్ధాంతానికి మంచి పరీక్ష. అక్కడ కాఫీ కొత్త కాదు. కిస్సాతెన్ అనే పాత తరహా కాఫీ హోటళ్లు ఊరూరా ఉండేవి, డోటోర్ వంటి చవక చైన్ 1980 నుంచే నడుస్తోంది. టోక్యోలోని గింజా అనే ప్రాంతంలో 1996లో మొదటి దుకాణం తెరిచినప్పుడు, లోపల పొగ తాగరాదన్న నియమం అక్కడి అలవాట్లకు పూర్తి విరుద్ధం. ఆఫీసు ఉద్యోగులు సిగరెట్ల మధ్య కాఫీ తాగే దేశంలో ఇది నడవదని సందేహించినవారు తక్కువేమీ కాదు. అయితే ఆ పొగను భరించలేక కాఫీ హోటళ్లకు దూరంగా ఉన్నవాళ్లు, ముఖ్యంగా యువతులు, ఎవరూ లెక్కలోకి తీసుకోని పెద్ద సమూహం. కాఫీ అందరికీ అందుబాటులోనే ఉన్నా వాళ్లకు కుర్చీ లేదు. ఆ కుర్చీ దొరికిన చోటికే వాళ్లు వచ్చారు.

ఆస్ట్రేలియాలో జరిగింది దీనికి తిరగబడిన కథ. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వలస వచ్చిన ఇటాలియన్లు, గ్రీకులు సిడ్నీ, మెల్‌బోర్న్ వీధులను చిన్న చిన్న కాఫీ షాపులతో నింపేశారు. మంచి ఎస్ప్రెస్సో, పేరు పెట్టి పలకరించే యజమాని, కూర్చునే బల్ల, మూడూ ప్రతి వీధి మలుపులో ఉన్నాయి. 2000లో అడుగుపెట్టిన స్టార్‌బక్స్ ఆ ఊళ్లకు లేనిదేదీ తీసుకెళ్లలేదు; పైగా జనం అడగకముందే దుకాణాల సంఖ్య పెంచుకుంటూ పోయింది. 2008లో మొత్తం 84 దుకాణాలలో 61 మూసేసింది. ఇజ్రాయెల్‌లో 2001లో ప్రవేశించి 2003లోనే వెనుదిరిగింది. అక్కడా బలమైన స్థానిక కాఫీ షాపులే ఎదురునిలిచాయి. ఈ అనుభవాల తర్వాత కాబోలు, ఇటలీకి వెళ్లడానికి సంస్థ 2018 దాకా ఆగింది. అప్పుడు కూడా మామూలు దుకాణం పెట్టకుండా, గింజలు కళ్లముందే వేయించే భారీ ప్రదర్శనశాలను మిలాన్‌లో తెరిచింది. వీధి బార్లో ఒక యూరోకు దొరికే ఎస్ప్రెస్సోను అక్కడ 1.80 యూరోలకు అమ్మగలిగారంటే, జనం ఆ భవనం చూడటానికి కూడా డబ్బు కట్టారనే అర్థం చేసుకోవాలి.

చైనాలో కరువు మరీ స్పష్టం. 1999లో బీజింగ్‌లో మొదటి దుకాణం తెరిచేనాటికి అది తేనీటి దేశం. కాఫీ అంటే చాలామందికి ఇన్‌స్టంట్ పొడే. ఇరుకు ఇళ్లలో ఉండే కొత్త మధ్యతరగతికి చల్లగా, శుభ్రంగా, కాస్త గొప్పగా కనిపించే చోటు దొరికింది. ఉత్సాహం హద్దు దాటిన సందర్భాలూ ఉన్నాయి. బీజింగ్‌లోని పాత చక్రవర్తుల ప్రాసాదం ఆవరణలో 2000లో పెట్టిన దుకాణాన్ని ప్రజల నిరసన వల్ల 2007లో ఎత్తేయాల్సి వచ్చింది. కానీ అసలు దెబ్బ అక్కడి నుంచి రాలేదు. 2017లో పుట్టిన లకిన్ కాఫీ కుర్చీని లెక్కలోంచి దాదాపుగా తీసిపారేసింది. చిన్న గది, ఫోన్ యాప్‌లో ఆర్డరు, వచ్చి తీసుకుపోవడం, ఎడతెగని కూపన్లు. అద్దె మిగిలింది కాబట్టి ధర తగ్గించగలిగింది. 2020లో అమ్మకాల లెక్కలు కల్పించిన కుంభకోణం బయటపడి అమెరికా షేరు మార్కెట్టు నుంచి గెంటివేతకు గురైన సంస్థ అది. అయినా పైకి లేచి 2023లో 10 వేల దుకాణాలు దాటి చైనాలో స్టార్‌బక్స్‌ను వెనక్కి నెట్టింది. కాఫీ అలవాటు చేసేదాకా కుర్చీ కావాలి, అలవాటైపోయాక చాలామంది కప్పు మాత్రమే అడుగుతారు. అలవాటు చేసిన ఖర్చు ఒకరిది, అలవాటు మీద వచ్చే లాభం మరొకరిది కావడం ఈ వ్యాపారంలో పెద్ద ప్రమాదం.

భారతదేశానికి వస్తే కాఫీ చైన్ మనకు విదేశీ సరుకు కాదు. కాఫీ బోర్డు నడిపిన ఇండియా కాఫీ హౌస్‌లను యాభైలలో మూసేసినప్పుడు, ఉద్యోగులే కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ చొరవతో 1957 నుంచి సహకార సంఘాలుగా ఏర్పడి వాటిని చేతిలోకి తీసుకున్నారు. చవక కాఫీతో గంటల తరబడి చర్చలు చేసుకునే చోటును లాభాపేక్ష పెద్దగా లేకుండా నడపగలిగిన అరుదైన నమూనా అది. 1996లో బెంగళూరు బ్రిగేడ్ రోడ్డులో వి.జి. సిద్ధార్థ మొదలుపెట్టిన కేఫ్ కాఫీ డే ఆ చోటునే ఇంటర్నెట్‌తో, ఏసీతో, యువతకు నప్పేలా మార్చింది. తోటలు సొంతం, గింజల వేపుడు సొంతం. కాబట్టి సరుకు ఖర్చు అదుపులోనే ఉంది. అయినా దుకాణాల సంఖ్య 1,700 దాటేసరికి గ్రూపు అప్పులు 7,000 కోట్ల రూపాయల పైకి చేరాయి. 2019 జులైలో సిద్ధార్థ మరణం, వెంటనే కరోనా, కొద్ది ఏళ్లలోనే సంఖ్య 500 లోపుకు పడిపోయింది. గింజ మీద ఎంత పట్టు ఉన్నా, అప్పు చేసి అద్దె కట్టే విస్తరణను అది కాపాడలేదన్నది ఈ పతనం నుంచి కనిపించే లెక్క.

స్టార్‌బక్స్ భారత ప్రవేశం ఈ నేపథ్యంలో ఆచితూచి జరిగింది. 2007లో ఒక ప్రయత్నం దరఖాస్తు దశలోనే ఆగిపోయింది. 2012లో టాటాలతో చెరిసగం ఉమ్మడి సంస్థగా, ముంబయి హార్నిమన్ సర్కిల్‌లోని పాత భవనంలో మొదటి దుకాణం తెరిచారు. కాఫీ మీద దిగుమతి సుంకం భారీగా ఉన్న దేశంలో కొడగు ప్రాంతంలో తోటలు, వేపుడు కేంద్రం ఉన్న భాగస్వామి దొరకడం చిన్న సంగతి కాదు. 2028 నాటికి 1,000 దుకాణాలని లక్ష్యం ప్రకటించారు. కానీ 2023–24లో ఆదాయం 1,200 కోట్లు దాటినప్పటికీ నష్టం సుమారు 80 కోట్లు. ఇటీవలి సంవత్సరాలలో మెనూలోకి ఫిల్టర్ కాఫీ, మసాలా చాయ్ చేరడం, పికో అనే చిన్న కప్పును పరిచయం చేయడం ఈ లెక్కల ఒత్తిడి వల్లే జరిగిందనుకోవచ్చు. కోస్తా హోటళ్లలో తరతరాలుగా వినిపించే 'వన్ బై టూ' కేకను బహుళజాతి సంస్థ ఇన్నాళ్లకు ఆలకించిందన్నమాట.

కృష్ణా, గుంటూరు ప్రాంతాలను ఈ పటంలో ఎక్కడ పెట్టాలి? కాఫీ వరకు చూస్తే విజయవాడ షాంఘైకి కాదు, మెల్‌బోర్న్‌కు దగ్గర. ఇత్తడి ఫిల్టరులో రాత్రే డికాక్షన్ దించి పెట్టుకునే ఇళ్లు ఇక్కడ ఇప్పటికీ ఉన్నాయి. చికోరీ ఎంత పాళ్లలో ఉండాలన్నదానిపై కొట్టువాడితో వాదించగల కొనుగోలుదారు ఉన్నాడు. రుచి నేర్పడానికి వచ్చినవాడు ఇక్కడ నెగ్గడు. మరో ఇబ్బంది కూడా ఉంది. అమెరికాలో చైన్ల అమ్మకాలలో పెద్ద భాగం పొద్దున ఆఫీసుకు వెళ్లే జనం నుంచి వస్తుంది. ఇక్కడ పొద్దుటి కాఫీ ఇంట్లోనే అయిపోతుంది, రెండో కాఫీ టిఫిన్ హోటల్లో. అంటే లబ్బీపేటలోనో, గుంటూరు లక్ష్మీపురంలోనో దుకాణం పెట్టిన చైన్, రోజంతటికీ అద్దె కట్టి సాయంత్రం ఐదు నుంచి పది దాకా మాత్రమే గట్టిగా వ్యాపారం చేయాలి.

అయితే కుర్చీ వరకు చూస్తే ఈ రెండు ఊళ్లలోనూ కరువు నిజమైనదే. మే నెలలో 45 డిగ్రీలు తాకే ఊళ్లో చల్లటి గదికి ఉన్న విలువ సియాటిల్‌లో ఊహించలేనిది. అమెరికాలోనే స్టార్‌బక్స్ సొంత దుకాణాల పానీయాల అమ్మకాలలో దాదాపు నాలుగింట మూడు వంతులు శీతల పానీయాలు కావడం గమనిస్తే, ఇక్కడ వేడి కాఫీ మీదే ఆధారపడే మెనూకు అర్థం లేదని తెలుస్తుంది. ఆడపిల్లలు ఇద్దరు ముగ్గురు కలిసి, ఎవరి చూపులూ పడకుండా గంటసేపు మాట్లాడుకోగల చోట్లు పాత హోటళ్లలో తక్కువ. 'ఫ్యామిలీ రూము' అని బోర్డు పెట్టినచోట కూడా ప్లేటు ఖాళీ కాగానే బిల్లు వచ్చేస్తుంది. పెద్దలు ఇంట్లో పెళ్లిచూపులు పెట్టుకునే ముందు అబ్బాయి, అమ్మాయి ఒకసారి విడిగా మాట్లాడుకునే అలవాటు పెరిగింది, దానికి టిఫిన్ హోటల్ పనికిరాదు. స్థలాల బేరాలు, వీసా కన్సల్టెన్సీ సమావేశాలు, లాప్‌టాప్‌తో ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల సాయంత్రాలు దీనికి తోడు. వడ్డేశ్వరంలోని కేఎల్ విశ్వవిద్యాలయం, వడ్లమూడిలోని విజ్ఞాన్, రాజధాని ప్రాంతంలోని ఎస్‌ఆర్‌ఎం, విట్ విద్యార్థులది ఇంకో సమూహం. మరోపక్క ఊరినిండా ఇంటర్మీడియట్ కార్పొరేట్ కాలేజీలు ఉన్నాయి గానీ, హాస్టల్ గేటు దాటనివ్వని ఆ పిల్లలను జనాభా లెక్క చూసి కొనుగోలుదారులుగా వేసుకునే సంస్థ మోసపోతుంది.

ఆదాయం మీద అద్దె పడే భారం ఇక్కడ మరింత సున్నితం. బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు వంటిచోట్ల భవన యజమానులు చాలామందికి ఖాళీగా ఉంచుకోగల స్తోమత ఉంది. పిల్లలు విదేశాలలో స్థిరపడిన కుటుంబాలు అద్దె కోసం తొందరపడవు, తగ్గించనూ తగ్గించవు. ముంబయిలో అద్దె ఎక్కువైనా కప్పు ధర, రోజుకు అమ్మే కప్పుల సంఖ్య రెండూ దానికి తగ్గట్టు ఉంటాయి. రెండో శ్రేణి నగరంలో అద్దె పెద్ద ఊరి దారిలో నడుస్తుంది, కప్పుల సంఖ్య చిన్న ఊరి దారిలోనే ఆగుతుంది.

ఈ సందులోకే చిన్న దుకాణాల చైన్లు దూసుకువచ్చాయి. ఇప్పటి కాకినాడ ఎంపీ తంగెళ్ల ఉదయ్ శ్రీనివాస్ స్థాపించిన టీ టైమ్ వంటివి ఫ్రాంచైజీ పద్ధతిలో, పది అడుగుల షట్టరు గదుల్లో, వీధి ధరకు కాస్త అటూఇటూగా తెలుగు రాష్ట్రాల పట్టణాలన్నిటా విస్తరించాయి. లకిన్‌కు యాప్ ఉంటే వీటికి వీధి ఉంది. కుర్చీ ఖర్చు మాత్రం రెండిటికీ లేదు. మోటారు సైకిలే ఇక్కడి కుర్చీ. ఇటువంటి వ్యాపారంలో మాతృసంస్థకు అపాయం తక్కువ, కానీ ఒకే కూడలిలో పక్కపక్కనే అలాంటివే నాలుగు బోర్డులు వెలిసినప్పుడు ఫ్రాంచైజీ సొమ్ము కట్టిన చిన్న పెట్టుబడిదారుడికి మిగిలేది ఏమిటన్నది విడిగా లెక్క వేసుకోవాల్సిన సంగతి.

ప్రయాణం ఎదురు దిశలోనూ జరిగింది. విశాఖ మన్యంలోని గిరిజన రైతుల కాఫీని నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ చొరవతో అరకు పేరుమీద 2017లో పారిస్ నగరంలో దుకాణం తెరిచి అమ్మడం మొదలుపెట్టారు. బెంగళూరు ఇందిరానగర్‌లో కేఫ్ ఆ తర్వాత 2021లో వచ్చింది. అరకులో పండే అరబికా రకం కాఫీకి భౌగోళిక గుర్తింపు 2019లో దక్కింది. స్టార్‌బక్స్ ఏ దేశానికి వెళ్లినా ఒకే రకం గదిని అమ్మితే, అరకు అమ్మేది ఒక కొండ పేరును. కుర్చీలు కొల్లలుగా ఉన్న పారిస్‌లో మరో కుర్చీతో గెలవడం సాధ్యం కాదు కనుక, గింజకే విలువ కట్టించుకునే ఈ దారి తెలివైనదే. అయితే ఇది వేల దుకాణాలకు సాగే దారి కాదు. పంట విస్తీర్ణం, నాణ్యత రెండూ దానికి గట్టు కడతాయి. సంఖ్యను విజయంగా లెక్కించే అలవాటు వల్ల ఇలాంటి వ్యాపారాలను చిన్నవిగా చూడటం జరుగుతోంది గానీ, కప్పు ధరలో గింజ పండించినవాడికి చేరే వాటా కోణంలో చూస్తే పోలిక తిరగబడుతుంది.

ఇక మీదట ఈ ప్రాంతానికి వచ్చే చైన్లు బందరు రోడ్డునే పట్టుకు వేలాడతాయని అనుకోనక్కర్లేదు. అమరావతిలో ఆఫీసులు నిండితే ఇక్కడ ఇప్పటిదాకా లేని ఉదయపు జనం పుడతారు. అంతవరకు మంగళగిరి చుట్టుపక్కల, చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి వెంబడి ఉన్న స్థలాలే లెక్కకు నిలుస్తాయి. అక్కడ పార్కింగుకు చోటు ఉంటుంది, హైదరాబాదు నుంచి వచ్చే కార్లు తెల్లవారుజాము మొదలు అర్ధరాత్రి దాకా ఆగుతాయి, శుభ్రమైన మరుగుదొడ్డి ఉన్న దుకాణానికి కుటుంబాలు రెండింతల ధర కట్టడానికీ వెనుకాడవు. పైగా యజమాని అడిగే అడ్వాన్సు లబ్బీపేటలో అడిగేదానిలో కొంత భాగమే.